డబ్బాల నర్సన్న వెలిగించిన కంప్యూటర్

సినిమాలో ఆఫీసు సీను వచ్చినప్పుడు మీరెప్పుడైనా బల్లల మీది కంప్యూటర్ల వంక చూశారా? చూసి ఉండరు. హీరోయిన్ నడిచివస్తుంటే ఆమెను వదిలేసి వెనకాల వరసగా పెట్టిన డబ్బాలను చూసే మనిషి ఎవడుంటాడు? ఒకాయన ఉన్నాడు. షేక్‌పేట పాత ఊళ్ళో ఉంటాడు, పేరు వెంకటనర్సయ్య. టోలిచౌకిలో ఏ సినిమాకు వెళ్ళినా ఆయన కళ్ళు వెతికేది ఆ డబ్బాలనే, ఎందుకంటే వాటిలో సగానికి పైగా ఆయన కిరాయికిచ్చినవే.

ఫిలింనగర్ బస్తీ చివర, బండరాళ్ళ గుట్టను ఆనుకుని ఆయనకో రేకుల షెడ్డు ఉంది. అందులో నేల నుంచి రేకుల దాకా పాత మానిటర్లు, కీబోర్డులు, కేబినెట్లు. బ్యాంకు సీనైనా, పోలీసు స్టేషనైనా, సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆటో వేసుకుని అక్కడికి రావలసిందే. అయితే వాళ్ళకు కావలసింది పైపెంకులు మాత్రమే. మోయడానికి బరువని లోపలి సరుకంతా తీసేయించి పట్టుకుపోతారు. తెర మీద హీరో అంత ఆవేశంగా టైపు చేస్తుంటాడే, ఆ కీబోర్డు తీగ బల్ల కింద ఊరికే వేలాడుతుంటుంది. అందుకే పరిశ్రమలో ఆయనకు డబ్బాల నర్సన్న అని పేరు పడిపోయింది. ఆ పేరుకు ఆయనేం కోపగించుకోలేదు. ఆయన బాధ వేరు. పదిహేనేళ్ళుగా లెక్కలేనన్ని సినిమాలకు కంప్యూటర్లు ఇచ్చాడు, వాటిలో ఒక్కటంటే ఒక్కటి తెర మీద వెలగలేదు.

వెలిగించడం చేతకాక కాదు. ఆ సంగతి చెప్పాలంటే తొంభై ఎనిమిది దాకా వెనక్కి వెళ్ళాలి.

అప్పుడు ఊరంతా కంప్యూటర్ జ్వరం. అమీర్‌పేటలో ఏ మేడ మెట్లెక్కినా ఏదో ఒక కోర్సు నేర్పేవారు. మాదాపూర్ రాళ్ళ మధ్య ఏదో పెద్ద మేడ లేస్తోందని జనం బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేవారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పిల్లలు గంటకింతని ఇచ్చి కంప్యూటర్లో ఆటలాడుకునే గేమ్ సెంటర్ ఒకటి ఉండేది. వెంకటనర్సయ్య అందులో అటెండరు. వచ్చినవాళ్ళ చేత చెప్పులు బయట విడిపించడం, ఏసీ గది తుడవడం, మౌసులోని బంతి తీసి జిడ్డు గోకడం, ఇంజినీరు మిషను విప్పినప్పుడు పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడటం ఆయన పని.

రెండేళ్ళు అలా నిలబడ్డాడు. సరిగ్గా తొంభై ఎనిమిది దసరాకు రెండు రోజుల ముందు ఆ ఇంజినీరు బెంగుళూరులో ఉద్యోగం దొరికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. కొత్త మిషను ముక్కలు ముక్కలుగా బల్ల మీదుంది. బయట సెలవుల పిల్లలు తలుపు బాదుతున్నారు. యజమాని తల పట్టుకుని కూర్చుంటే వెంకటనర్సయ్య దగ్గరికి వెళ్ళి, "జర నన్ను చూడనియ్యుండ్రి సార్," అన్నాడు. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఏ ముక్క ఎక్కడ కూర్చుంటుందో చేతికి తెలుసు, మిషను కూతలు చెవికి తెలుసు. స్విచ్చి నొక్కగానే లోపలి నుంచి ఒక పొట్టి కూత వస్తే అంతా బాగున్నట్టు. ఒక పొడుగు కూత, వెంటనే రెండు పొట్టి కూతలు వస్తే బొమ్మ చూపించే కార్డుకు ఏదో అయినట్టు. షేక్‌పేట బోనాల్లో డప్పు కొట్టినవాడికి ఈ లెక్క పట్టుకోవడం ఎంత పని?

ఆ రోజు కేబినెట్ లోపలి రేకు అంచు ఆయన కుడి చూపుడువేలిని అడ్డంగా కోసేసింది. గుడ్డ పీలిక చుట్టుకుని పని కానిచ్చాడు. గడప మీద కొబ్బరికాయ కొట్టి, మిషనుకు కుంకుమ బొట్టు పెట్టి, స్విచ్చి నొక్కాడు. ఒక పొట్టి కూత. తెర వెలిగింది. ఆ చీకటి ఏసీ గదిలో నీలిరంగు వెలుగు తన చేతుల మీద పడుతుంటే వెంకటనర్సయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. యజమాని మాత్రం వచ్చినవాళ్ళందరితో "మా ఇంజినీరు రాత్రే చేసిపెట్టి వెళ్ళాడు" అని చెప్పుకుని, ఈయనను చాయ్ తెమ్మని పంపాడు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

తర్వాత్తర్వాత ఇళ్ళలోకే కంప్యూటర్లు వచ్చి గేమ్ సెంటర్ మూతపడింది. వెంకటనర్సయ్య తాను బిగించిన ఆ మొదటి మిషనును అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక వానాకాలం పిడుగుపాటుకు దాని బోర్డు మాడిపోయింది, అయినా పారెయ్యలేదు. దేవుడి పటాల కింద పెట్టి ఏటా ఆయుధపూజకు దానికి బొట్టు పెడుతూ వచ్చాడు. మరోపక్క హైటెక్ సిటీ కంపెనీలు రెండేళ్ళకోసారి పాత మిషన్లను లారీలకెత్తి వదిలించుకుంటుంటే వాటిని ఏరి తెచ్చి పోగేశాడు. షెడ్డు అలా నిండింది. "మనుషులకు లేని జాగ నీ డబ్బాలకు యాడికెల్లి వస్తదయ్యా?" అని ఆయన భార్య అనసూయమ్మ రోజుకొకసారైనా అనేది. అంటూనే వానొస్తే వాటి మీద పట్టా కప్పడానికి ఆయన కంటే ముందు ఆవిడే పరుగెత్తేది.

రెండువేల పదిహేను వేసవిలో ఆర్ట్ డైరెక్టర్ త్రినాథరావు షెడ్డుకు వచ్చాడు. వెంట గెడ్డం పెంచిన కుర్ర డైరెక్టర్ నాగసాయి. మాదాపూర్‌లో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి సినిమా తీయడానికి వచ్చినవాడు. ఆ రోజుల్లో కృష్ణానగర్ టీకొట్టు దగ్గర రాయి విసిరితే అలాంటివాడికే తగిలేది లెండి. ఇతనికి మాత్రం నిజంగానే సినిమా దొరికింది.

"నర్సన్నా, పది డబ్బాలు కావాలి," అన్నాడు త్రినాథరావు. "అందులో ఒకటి పనిచెయ్యాలిట. నీకు కుదరకపోతే చెప్పు, తెర మీద ఆకుపచ్చ గుడ్డ అంటించేసి బొమ్మ గ్రాఫిక్స్‌లో పెట్టేసుకుంటాం."

నాగసాయి ఒక మానిటర్ మీద దుమ్ము తుడుస్తూ అన్నాడు: "నర్సయ్యగారూ, కథ తొంభై ఎనిమిది దసరాకి ఒక గేమ్ సెంటర్లో జరుగుతుందండీ. హీరో మొదటిసారి కంప్యూటర్ ఆన్ చేసే షాట్ అది. నాకు ఆ బీప్ కావాలి. హార్డ్ డిస్క్ గరగరలాడాలి. ఆ స్క్రీన్ లైట్ వాడి ముఖం మీద పడాలి. గ్రాఫిక్స్‌లో అది రాదు. ఇంకోటి, లోపల ఒక్క పార్ట్ కూడా ఆ దసరా తర్వాత తయారైంది ఉండకూడదు."

"లోపల ఎవడు చూస్తాడు బాబూ?" అన్నాడు త్రినాథరావు.

"నేను చూస్తాను సార్," అన్నాడు నాగసాయి.

పదిహేనేళ్ళుగా వెంకటనర్సయ్య ఎదురుచూసిన మాట అది. ఎదురుగా నిలబడి చెబుతున్నవాడేమో తన కొడుకు వయసువాడు. "ఎలుగుతది సార్," అన్నాడు ఆయన. "ఎలుగకుంటె ఈ డబ్బాలన్ని తుక్కుకిచ్చి, ఇగ కంప్యూటర్ పేరెత్తితె ఒట్టు."

షెడ్డు మూల కూర్చుని బియ్యం ఏరుతున్న అనసూయమ్మ ఆ ఒట్టు విని చేట పక్కన పెట్టేసింది. అన్నేళ్ళు ఆవిడ కోరుకున్నది ఆ డబ్బాలు పోవాలనే. ఇప్పుడు పోతాయేమోనని ఆవిడకే భయమేసింది.

మర్నాటి నుంచి పని మొదలైంది. చిప్పుల మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ ఆ ఏడాదిలో వారం. ఆ ఏడు దసరా నలభయ్యో వారంలో పడింది. కాబట్టి ముప్ఫై తొమ్మిది దాటింది ఏదీ పనికిరాదు. వెంకటనర్సయ్య కళ్ళజోడు పైన భూతద్దం పెట్టుకుని షెడ్డంతా గాలించాడు. బోర్డు, ప్రాసెసర్, హార్డ్ డిస్క్, ఫ్లాపీ డ్రైవు, సీడీ డ్రైవు, ఒక్కొక్కటీ అంకె చూసి పక్కన పెట్టాడు. మెమరీ ముక్కల కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్దాడు.

చిక్కు కేబినెట్‌తో వచ్చింది. దొరికినవన్నీ ఏళ్ళ తరబడి ఎండకూ వేడికీ పసుపు పచ్చగా మారిపోయాయి. తొంభై ఎనిమిదిలో అది కొత్త మిషను, అంటే తెల్లగా ఉండాలి కదా. రంగు వేస్తే ఇట్టే దొరికిపోతుంది. ఈ సమస్యకు మందు పక్క వీధిలోనే ఉంది. హెయిర్ డ్రెసర్ శ్యామలాదేవి రాజమండ్రి నుంచి వచ్చి పాతికేళ్ళుగా హీరోయిన్ల జడలు, విగ్గులు చూసే మనిషి. నల్ల జుట్టుకు రంగు వేసే ముందు నలుపు విరగ్గొట్టే తెల్ల క్రీము ఒకటి ఆవిడ దగ్గర డబ్బాల కొద్దీ ఉంటుంది. అది ప్లాస్టిక్కు పసుపును కూడా విరగ్గొడుతుందని వెంకటనర్సయ్య ఎక్కడో విన్నాడు.

"సవరాలకి రాశాను, గెడ్డాలకి రాశాను. కంప్యూటర్‌కి తలంటడం నా సర్వీసులో చూడలేదన్నయ్యా," అంటూనే ఆవిడ చేతులకు తొడుగులు వేసుకుని, బ్రష్షు పట్టుకుని తనే వచ్చి పూసింది. దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి షెడ్డు వెనక బండ మీద ఎండలో పెట్టారు. రెండు రోజులు ఇద్దరూ గంటకోసారి వెళ్ళి దాన్ని తిప్పి వచ్చారు. మూడో రోజు కడిగి చూస్తే పెళ్ళికి సున్నం వేసిన గోడలా ఉంది. అనసూయమ్మ కూడా ముక్కున వేలేసుకుంది.

అంతా అయిందనుకున్నాక నాగసాయి వచ్చి కేబినెట్ తెరిచి, ఫోన్ లైటు వేసి ఒక్కొక్క అంకె చదివాడు. సౌండ్ కార్డు దగ్గర ఆగాడు. దాని కింది చిప్పు మీద తొంభై తొమ్మిది, పదకొండు అని ఉంది. వెంకటనర్సయ్య పై చిప్పు చూసి కిందిది చూడలేదు. ఆయన ముఖం మాడిపోయింది.

"ఆర్నెల్లే కదండీ. ఉండనివ్వండి, అంత ఇబ్బంది పడకండి," అన్నాడు నాగసాయి ఆయన ముఖం చూసి.

"లే సార్. మారుస్త."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అన్నాడు త్రినాథరావు. "డైరెక్టరే సరేనంటున్నాడుగా?"

"ఆయన అన్నడు సార్. నాకు తెలుస్తది గదా," అన్నాడు వెంకటనర్సయ్య.

షెడ్డులో అలాంటి కార్డు ఇంకొకటి లేదు. ఇంట్లో ఉంది, దేవుడి పటాల కింది మిషనులో. పిడుగుకు మాడింది బోర్డు ఒక్కటే. ఆ మిషనును మళ్ళీ విప్పనని ఆయన తనకు తాను మాట ఇచ్చుకున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడే గానీ చెయ్యి వెయ్యలేదు. సంగతి విన్న అనసూయమ్మ లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చి చేతిలో పెట్టింది.

"దేవుని కాడ కూసుంటె గది ఏం పలుకుతది? తీస్కపో. జర పలుకనియ్యి."

ఆ కార్డు మీద తొంభై ఎనిమిది, ఇరవై రెండు అని ఉంది.

షూటింగు రోజు వచ్చింది. ఫిలింనగర్ కొండ మీద గేమ్ సెంటర్ సెట్టు వేశారు. బయట చెప్పుల వరస దగ్గర్నుంచి మానిటర్ల మీది పువ్వుల గుడ్డల దాకా అన్నీ వెంకటనర్సయ్య చెప్పినట్టే. హీరో పదకొండింటికల్లా వేరే షూటింగుకు వెళ్ళిపోవాలి. ఆలోగా మిషను వెలగకపోతే గుడ్డ అంటించేద్దామని త్రినాథరావు ముందే తేల్చి చెప్పాడు. ఆకుపచ్చ గుడ్డ మడతపెట్టి ఆయన సంకలోనే ఉంది.

ఇంట్లో పదిసార్లు వెలిగించి చూసుకున్న మిషనే. ఆటో కుదుపులకు ఏమైనా కదిలాయేమోనని పక్క రేకు తీసి కార్డులన్నీ మళ్ళీ నొక్కి చూశాడు. ఇక స్విచ్చి నొక్కడమే తరువాయి. తొంభై ఎనిమిది నుంచి ఆయన కొబ్బరికాయ కొట్టకుండా ఏ మిషనూ మొదలుపెట్టలేదు. ఈ మిషనుకు మొదలు అంటే ఈ సెట్టే అని, ఇంట్లో కాయ కొట్టకుండా అట్టే పెట్టాడు. కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టి, కాయ పట్టుకుని చుట్టూ చూస్తే బల్ల పక్కనే నల్లరాతి మెట్టు కనబడింది. దాని మీద వేసి కొట్టాడు. కాయ పగల్లేదు, బంతిలా ఎగిరింది. శకునం బాగాలేదనిపించింది. రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి మళ్ళీ కొట్టాడు.

అది రాయి కాదు. చెక్క మీద ప్లాస్టరు పూసి గ్రానైటు రంగు వేసిన సెట్టు మెట్టు. మెట్టు ఫెళ్ళున విరిగింది, కాయ లోపలి మేకుల మీద పడి పగిలింది, నీళ్ళు చిమ్ముకొచ్చి సగం తెరిచి ఉన్న కంప్యూటర్ లోపల పడ్డాయి. పదిహేనేళ్ళుగా సినిమావాళ్ళకు ఉత్త డబ్బాలు అంటగట్టిన మనిషి ఉత్త మెట్టు చూసి మోసపోయాడు. ఇంతకన్నా ఏం చెప్పాలి?

పైపైన తుడిచి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని స్విచ్చి నొక్కాడు. ఒక పొడుగు కూత. రెండు పొట్టి కూతలు. తెర నల్లగానే ఉంది. సెట్టులో అంతా ఈయన వంకే చూస్తున్నారు. సిగ్గుతో వెంకటనర్సయ్య చెవులు వేడెక్కిపోయాయి. తప్పు ఇంకొకరిదైతే తిట్టుకోవచ్చు. ఇది అచ్చంగా తన చేత్తో చేసుకున్నది. త్రినాథరావు మెల్లగా సంకలోంచి గుడ్డ తీశాడు.

"టైమెంతయింది?" అని అడిగాడు నాగసాయి. తొమ్మిదిన్నర అన్నారెవరో. "అయితే ఇంకా గంటన్నర ఉంది. నర్సయ్యగారూ, అదేం కూత?"

"బొమ్మ కార్డు సార్. తడిసింది. కొబ్బరినీళ్ళు బంక పడతయి, కడగాలె." అని ఆయన చటుక్కున తల ఎత్తి, "శ్యామలమ్మ ఏడున్నది?" అన్నాడు.

మేకప్ గదిలో ఉన్న శ్యామలాదేవి సంగతి తెలిసి పరుగున వచ్చింది. ఒక చేతిలో జుట్టు ఆరబెట్టే మిషను, ఇంకో చేతిలో పెట్టుడు మీసాల బంక వదిలించే స్పిరిటు సీసా. వెంకటనర్సయ్య కార్డు ఊడదీసి, స్పిరిటులో ముంచిన మేకప్ బ్రష్షుతో కాలు కాలూ కడిగాడు. కార్డు కూర్చునే గాడి కడిగాడు. పక్కనున్న సౌండ్ కార్డు కూడా తీసి కడిగి, కళ్ళకద్దుకుని పెట్టాడు.

"చల్లగాలి పెట్టమ్మా, వేడొద్దు."

"హీరోయిన్ తలకైనా ఇంత భయపడలేదన్నయ్యా," అంటూ ఆవిడ గంట సేపు చెయ్యి దించకుండా గాలి పట్టింది.

పది నలభైకి అన్నీ మళ్ళీ బిగించాడు. హీరో వచ్చి కూర్చున్నాడు, కెమెరా తిరిగింది, హీరో స్విచ్చి నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు, ఉహూ. త్రినాథరావు చేతిలో గుడ్డ విప్పుకుంది.

"స్విచ్చిల చెమ్మ దిగింది సార్," అన్నాడు వెంకటనర్సయ్య గబగబా. "నడిమిట్ల గాదు, కింది మూలకు ఒత్తి జర సేపు పట్టాలె. చేతికి ఎర్కయితది గని చెప్పరాదు."

నాగసాయి ఒక్క క్షణం ఆలోచించి, "అయితే మీరే నొక్కండి. వేలు క్లోజప్‌లో తీసుకుంటాను, లైటు పడ్డాక హీరో ముఖం," అన్నాడు. మేకప్ ఆయన వచ్చి వెంకటనర్సయ్య వేలు మీది గాటును రంగుతో కప్పబోయాడు. నాగసాయి ఆ వేలు పట్టుకుని చూశాడు.

"ఇదెలా తగిలిందండీ?"

"తొంభై ఎనిమిది దసరా సార్. కేబినెట్ రేకు కోసింది."

నాగసాయి మేకప్ ఆయనతో, "దీన్ని ముట్టుకోకండి. హీరోగారి వేలికి ఇలాంటి గాటే పెట్టండి," అన్నాడు.

పెట్టారు. లక్షల మంది ఫ్లెక్సీ కట్టి పాలు పోసే హీరో, బుద్ధిగా చెయ్యి చాపి కూర్చుని, డబ్బాల నర్సన్న వేలికున్న గాటు తన వేలికి గీయించుకున్నాడు.

కెమెరా తిరిగింది. వెంకటనర్సయ్య ఊపిరి బిగబట్టి, స్విచ్చి కింది మూలను ఒత్తి పట్టుకున్నాడు. ఫ్యాను లేచింది. ఒక పొట్టి కూత. హార్డ్ డిస్క్ గరగరలాడింది, తెర మీద అక్షరాలు పరుగెత్తాయి, ఆ వెనకే నీలిరంగు వెలుగు. నాలుగు నిమిషాలు తక్కువ పదకొండు. కట్ చెప్పవలసిన నాగసాయి చెప్పడం మరిచిపోయాడు. తర్వాత కారు పందెం ఆట మొదలై ఇంజను మోత సెట్టంతా నిండింది, దేవుడి పటాల కింద పదేళ్ళ పైన నోరు మూసుకుని కూర్చున్న కార్డు గొంతు అది. త్రినాథరావు ఆకుపచ్చ గుడ్డతో చెమట తుడుచుకుని, "నర్సయ్యగారూ," అన్నాడు. గారు అనడం ఆయనకు అదే మొదలు.

సినిమా దసరాకు వచ్చింది. మొదటి రోజు పొద్దుటాటకు టోలిచౌకిలో భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. పేర్లు వేగంగా వెళ్ళిపోయాయి, వాటిలో ఆయన పేరు ఉందో లేదో వాళ్ళకు తెలియలేదు. అనసూయమ్మకు మండింది. "గింత కష్టపడితివి, పేరన్న ఏసిన్రో లేదో," అని గొణుగుతూనే ఉంది. ఇంతలో గేమ్ సెంటర్ వచ్చింది. హాలు సద్దుమణిగింది. తెర నిండా, మనిషంత పొడుగున ఒక వేలు.

ఆ వేలిని అనసూయమ్మ ఎరగదూ? ఆ దసరాకు దానికి పసుపు పెట్టి కట్టు కట్టింది ఆవిడే.

పొట్టి కూత వినబడింది. తెర మీది కంప్యూటర్ వెలిగింది, దాని వెలుగు హాల్లోకి వచ్చి కుర్చీల మీద, మనుషుల మీద పడింది. ఎప్పుడూ తెర మీద కంప్యూటర్ల కోసమే వెతికే వెంకటనర్సయ్య ఆ ఒక్క క్షణం తెర వంక చూడలేదు. పక్కకు తిరిగి, ఆ నీలి వెలుగులో తన భార్య ముఖం చూశాడు. ఆవిడ అప్పటికే లేచి నిలబడింది.

"కూసో అమ్మా, హీరో కనిపిస్తలేడు," అన్నాడు వెనకాల ఎవరో.

అనసూయమ్మ వెనక్కి తిరిగింది. "హీరో ఏందయ్యా? గా ఏలు మా ఆయ్నది. కంప్యూటర్ గూడ మా ఆయ్నదే," అని గట్టిగా చెప్పి, అప్పుడు కూర్చుంది.